నీలం గుండీ, తాడు అంచు

డోలినా, సస్కాచెవాన్
14 సెప్టెంబరు 1994, బుధవారం

ఈరోజు పనులు: బీట్‌రూట్ సీసాలు పద్దెనిమిది. రొట్టెలు ఆరు. కిటికీ తెరలు నాలుగు జతలు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. బంగాళాదుంపలు రెండు బకెట్లు: తవ్వింది మా ఆయన ఒలెక్సా, కడిగింది నేను. మిగిలిపోయింది ఒకటే, పద్దెనిమిదో సీసా మూత బిగించలేదు. దాని సంగతి తరవాత.

ప్రియమైన స్టెఫా అక్కా,

నీ ఉత్తరం అందింది. ఈతకొలనులో ఈదకుండా నడిస్తే మోకాలు బాగుపడటమేమిటో నాకు అర్థం కాలేదు. మా ఆయనకు చదివి వినిపిస్తే, "నీళ్లలో నడిచేది బాతులు కదా" అన్నాడు. ఆ మాట నాది కాదు, ఆయనది.

నిన్న చర్చి హాల్లో కోతల విందుకు తొలి కూడిక జరిగింది. ఈసారి మూడువందల డజన్ల పిరోహీలు కావాలట. పరాస్కా అవ్వదే పెత్తనం. ఎనభై నాలుగేళ్లొచ్చినా గొంతు మాత్రం తగ్గలేదు. పొయ్యి పక్కనున్న మొదటి బల్ల దగ్గర ఎప్పటిలాగే నా కుర్చీ నాకుంది. నా ఎదురుగా, నీ కుర్చీలో ఎవరు కూర్చున్నారనుకున్నావు? డార్లీన్. రెజీనా నుంచి వచ్చి, భార్య పోయిన హ్నాత్యూక్ ఇవాన్‌ను వసంతంలో చేసుకుందని రాశానే, ఆవిడే. మన వాళ్ల పిల్ల కాదు. పిండి బిళ్లలో బంగాళాదుంప, జున్ను పెట్టి మడిచి, అంచు నొక్కి పిరోహీ చేయడం ఆవిడకు రెజీనాలో ఎవరు నేర్పారో దేవుడికి తెలియాలి.

అంతటితో అయిపోలేదు. గుండీల డబ్బా తెరిచారు. ఎవరు నింపిన ట్రే మీద వారి రంగు గుండీ పెట్టాలి, ఉడికేటప్పుడు అంచు విడిపోతే ఎవరి చేతిదో తెలియాలి, ఎన్ని విడిపోతే అన్నీ వాళ్లు ఇంట్లో ఒంటరిగా చేసి తెచ్చి బాకీ తీర్చాలి. ఈ కట్టుబాటు నీకు చెప్పాల్సిన పని లేదు. నాది ఎర్రది. డార్లీన్‌కు ఏది ఇచ్చారో తెలుసా? నీ నీలం గుండీ.

"అవ్వా, అది మా అక్కది" అన్నాను.

"మీ అక్క పదకొండేళ్లుగా సముద్రం గట్టున కూర్చుంది. ఆ గుండీకి పని కావాలా వద్దా?" అని డార్లీన్ వైపు తిరిగి, "ఇదిగోనమ్మా, మంచి చేతి గుండీ. దాని పరువు తీయకు" అంది.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు లేదూ?

చేతినేర్పు మాత్రం ఉంది, కాదనను. గంటలో నాకంటే నాలుగు డజన్లు ఎక్కువ చేసింది. లెక్క రాసేది నేనే కాబట్టి తప్పయ్యే ప్రశ్న లేదు. అయితే పావుగంటకోసారి లేచి వెళ్లి, కుళాయి దగ్గర వేడినీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడుతుంది, మహారాణి జలకాలాడినట్టు. వంటింటి ఉక్కలో కూడా చేతుల నిండా ఉన్ని చొక్కా. మనం లేవకుండా మూడు గంటలు కూర్చునేవాళ్లం.

బీట్‌రూట్లు తరగడం వల్లనో ఏమో, కుడి బొటనవేలి అడుగున కొంచెం నొప్పిగా ఉంది. పెద్ద విషయమేం కాదు.

నీ చెల్లెలు
ఒరిస్యా

*

నానైమో, బ్రిటిష్ కొలంబియా
26 సెప్టెంబరు

ఒరిస్యా,

నీ పనుల జాబితా చదివితే నాకు ఆయాసం వచ్చింది. మూత సంగతి తరవాత అన్నావు. ఉత్తరం అయిపోయింది, ఆ తరవాత రానేలేదు. చిట్టచివర చీమల బారులాంటి అక్షరాలతో "కొంచెం నొప్పి" అని మాత్రం ఉంది. పద్దెనిమిదో మూత నువ్వు బిగించలేకపోయావు. అవునా?

నా మోకాలు కూడా "కొంచెం"గానే మొదలైంది. నీకెప్పుడూ రాయలేదు గానీ మూడేళ్లు దాచాను. మేడమీద గది నచ్చలేదని కింద పడుకున్నాను. షికారుకు పిలిస్తే తలనొప్పి అన్నాను. కూర్చుని కాపాడుకుంటున్నాననుకున్నాను. చివరికి డాక్టరమ్మ ఫోటో తీయించి చూపించింది. ఎముకల చివర్ల మధ్య నున్నటి మెత్త ఒకటి ఉంటుందట. అది పలచబడిపోతుంది, ఎముక తనకు తోచినచోట బుడిపెలు వేస్తుంది, చుట్టూ ఉన్న కండ బద్ధకిస్తుంది. దీని పేరు ఆస్టియో ఆర్థరైటిస్.

"పోయిన మెత్త తిరిగొస్తుందా?" అన్నాను.

"రాదు. కండ మాత్రం మీ చేతిలో ఉంది."

"అయితే ఇక కదపకుండా కూర్చుంటాను."

"ఇప్పటిదాకా చేసిందదే కదమ్మా! బందుకు తుప్పు పట్టాక తలుపును తిట్టి లాభమేంటి?"

"మరి ఎంత కదపాలి?"

"ఎక్కువైతే మర్నాడు పొద్దున మోకాలే చెబుతుంది. దాని మాట వినండి."

అప్పటినుంచి వారానికి మూడుసార్లు నీళ్లలో నడక. ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం. ఆరు కిలోలు తగ్గాను. నొప్పి పోయిందనను, దానికీ నాకూ ఒప్పందం కుదిరింది. మీ ఆయనతో చెప్పు, బాతు కులాసాగా ఉందని.

నువ్వు వేలు డాక్టరుకు చూపించు.

నా గుండీ ఇచ్చేశారన్నమాట. ఇవ్వనీ, నాకేం. అయినా ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

స్టెఫా

*

డోలినా
18 అక్టోబరు, మంగళవారం

ఈరోజు పనులు: హాలు బల్లగుడ్డలు ముప్పై ఒకటి ఉతికాను. తోటలో చివరి క్యారెట్లు తీశాను. కోడిగూడు శుభ్రం చేశాను. ఒలెక్సా చలికాలపు కోటుకు జేబు కుట్టాను, అందులో సూది రెండుసార్లు జారిపడింది.

ప్రియమైన అక్కా,

ఆదివారం విందు బాగా జరిగింది. నాలుగువందల పన్నెండు మంది వచ్చారు. మొత్తం పిరోహీలు మూడువందల ఎనిమిది డజన్లు. నా పేర అయిదు ట్రేలు, ట్రేకు ఏడు డజన్ల చొప్పున ముప్పై అయిదు డజన్లు. డార్లీన్ పేరా అయిదే. ఇద్దరం సమానం.

ఒక్క అపశ్రుతి. మూడో వాయి కాగులో పడగానే నీళ్లు తెల్లగా మారాయి. అంచులు విడిపోయి బంగాళాదుంపంతా గంజిలా తేలింది. గరిటె నా చేతిలోనే ఉంది. తాడు పేటల్లాంటి పిండి ముక్కలు పైకి తేలుతుంటే నేనే తీసి పారబోశాను. రెండు ట్రేలు, పద్నాలుగు డజన్లు పోయాయి. ఖాళీ ట్రేల మీద ఏ గుండీ ఉందో చూడమని పరాస్కా అవ్వ కేకేసింది.

నీలం గుండీ.

అవ్వ ఊరుకుంటుందా? అందరి ముందూ, "ఏమ్మా రెజీనా, పిరోహీలు చేయమంటే సూపు చేశావా?" అంది. ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. "ఆ గుండీ పెట్టినవాళ్లవి ఇన్నేళ్లలో ఒక్కటి విడిపోలేదు. వచ్చేసారి నువ్వు ఉల్లిపాయలు తరుగుదువుగాని" అని మొదటి బల్ల దగ్గర్నుంచి లేపేసింది.

 డార్లీన్ ఖాళీ ట్రేలను చూసింది, తరవాత నా వైపు చూసింది. "పద్నాలుగు డజన్లు కదా, చేసి తెస్తాను" అని మాత్రం అంది. తన చేతినేర్పు గురించి గొప్పలు పోయిన మనిషి కాదు గానీ, వేగంగా చేస్తే ఇలాగే అవుతుందని ఇప్పటికైనా తెలిసి ఉంటుంది.

నీ కుర్చీ మళ్లీ ఖాళీగా ఉంది. నీకు సంతోషమే అనుకుంటాను.

ఒరిస్యా

*

నానైమో
29 అక్టోబరు

ఒరిస్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. అబద్ధం ఎందుకు, నా గుండీతో ఎవరో చేతకాని మనిషి పరువు పోగొట్టుకుందంటే లోపల చల్లగా అనిపించింది. రెండోసారి చదివినప్పుడు ఒకచోట ఆగాను. మూడోసారి చదివింది ఆ ఒక్క వాక్యమే.

"తాడు పేటల్లాంటి పిండి ముక్కలు" అని రాశావు.

పిరోహీ అంచును తాడులా మెలిపెట్టి మూసేది అమ్మ. ఆ ఊళ్లో మరెవరూ అలా చేయరు, చప్పగా నొక్కి వదిలేస్తారు. అమ్మ తరవాత ఆ అంచు వచ్చింది ఇద్దరికే. నేను ఇక్కడున్నాను.

సెప్టెంబరులో సీసా మూత బిగించలేని చెయ్యి అక్టోబరులో ముప్పై అయిదు డజన్ల తాడు అంచు వేసిందంటే నేను నమ్మను. ట్రేలు లెక్కపెట్టడానికి వెనక వసారాలోకి ఒంటరిగా వెళ్లేది ఎవరో కూడా నాకు తెలుసు.

నువ్వు రాసి పంపావు కాబట్టి అడుగుతున్నాను. ఆ రెండు ట్రేలూ ఎవరివి?

స్టెఫా

*

డోలినా
10 నవంబరు, గురువారం

ఈరోజు పనులు: క్యాబేజీ పన్నెండు తలకాయలు తరిగి ఉప్పు పట్టించాను. మేడ మెట్లు తుడిచాను. నాలుగు జతల మేజోళ్ల చిరుగులు కుట్టాను. చర్చి కొవ్వొత్తుల స్టాండ్లు తోమాను. అన్నీ ఒంటి చేత్తో. చదివి ఆనందించు.

అక్కా,

పోలీసు పని ఎప్పుడు మొదలుపెట్టావు? నీళ్లలో నడవగా తీరిక బాగా మిగులుతున్నట్టుంది.

నీకు ఒక లెక్క చెబుతాను. నువ్వు ఈ ఊరు వదిలి పదకొండేళ్లు. అందులో తొమ్మిదేళ్లు అమ్మకు అన్నం పెట్టింది ఎవరు? స్నానం చేయించింది ఎవరు? అమ్మ పోయాక మొదటి బల్ల దగ్గర మన ఇంటి కుర్చీ నిలబెట్టింది ఎవరు? నాకు సముద్రం లేదు, ఈతకొలను లేదు, ఫోటోలు తీసి ముచ్చట్లు చెప్పే డాక్టరమ్మ లేదు. నాకున్నది ఆ కుర్చీ ఒక్కటే. అందులోంచి లేపి ఉల్లిపాయల బల్ల దగ్గర కూర్చోబెడితే నేను ఎవరిని? ఒలెక్సా భార్యను, అంతే.

వాళ్లు నీ పేరు ఇప్పటికీ తలుస్తారు. "స్టెఫా చెయ్యి", "స్టెఫా గుండీ." నేను ఎదురుగా కూర్చున్నా సరే. ఇప్పుడు ఆ డార్లీన్. అరవైయేళ్ల మనిషికి ఇరవైయేళ్ల వేళ్లు. పావుగంటకోసారి వేడినీళ్లలో సరదా తీర్చుకుని వచ్చి నన్ను దాటేస్తుంది. చూస్తుంటే కళ్లలో కారం కొట్టినట్టుంటుంది. అవును, ఓర్వలేకపోయాను. రాసేశాను, చాలా?

డార్లీన్ ఆరో తేదీన పద్నాలుగు డజన్లూ చేసి తెచ్చి ఇచ్చింది. పుస్తకంలో బాకీ చెల్లు అని రాశాను. ఆ విషయం అంతటితో ముగిసింది.

ఒరిస్యా

*

నానైమో
19 నవంబరు

ఒరిస్యా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను అడిగింది రెండు ట్రేల గురించి, నువ్వు చెప్పింది తొమ్మిదేళ్ల గురించి. ఆ తొమ్మిదేళ్లూ నిజం. అవి నీకు నేను ఎన్నటికీ తీర్చలేను, ఈ మాట ముందే రాసి ఉండాల్సింది. అమ్మ అప్పడాల కర్ర నాకివ్వకుండా నీకిచ్చిందని నేను రెండేళ్లు నీకు ఉత్తరం రాయలేదు, గుర్తుందా? పనెక్కువైందని చెప్పాను. పనేం లేదు, కడుపుమంట.

ఇక అసలు మాట. ఎవరూ పావుగంటకోసారి ఊరికే వేడినీళ్లలో చేతులు పెట్టరు. నాతోపాటు కొలనులోకి దిగే పద్దెనిమిది మంది కీళ్ల నొప్పులవాళ్లూ దిగేముందు చేసేది అదే. ఉక్కలో ఉన్ని చొక్కా కూడా ఎవరూ ఊరికే వేసుకోరు. నువ్వు ఆవిడ డజన్లన్నీ లెక్కపెట్టావు. చేతులు ఎప్పుడైనా చూశావా?

ఈ పొట్లంలో ఉన్నది బొటనవేలి పట్టీ. పనిచేసేటప్పుడు కట్టుకో. రోజంతా కాదు, వేలు మొద్దుబారిపోతుంది.

స్టెఫా

*

డోలినా
11 డిసెంబరు, ఆదివారం

ఈరోజు పనులు: ఏమీ లేవు. ఉదయం నుంచి ఈ ఉత్తరమే.

ప్రియమైన అక్కా,

ఆ రెండు ట్రేలూ నావే.

మూడు ట్రేలు పూర్తయ్యేసరికి వేలి అడుగున నిప్పు పెట్టినట్టయింది. తరవాతి రెండు ట్రేల్లో మెలిపెట్టానే గానీ నొక్కలేకపోయాను. అంచులు చేపనోళ్లలా తెరుచుకుని ఉన్నాయి, గుడ్డ కప్పేటప్పుడే చూశాను. వసారాలో లెక్క రాస్తున్నప్పుడు నా ఎర్ర గుండీలు రెండు తీసి, నీలం గుండీలున్న రెండు ట్రేలతో మార్చాను. ఒక్క నిమిషం పని. ఆ చలిలో నా చేతికి నొప్పి కూడా తెలియలేదు.

నీ ఉత్తరం వచ్చాక పది రోజులు ఏమీ చేయలేదు. పట్టీ కట్టుకుని, ఒలెక్సా వస్తుంటే విప్పేదాన్ని. ఒకరోజు విప్పకముందే వచ్చేశాడు. "ఎన్నాళ్లుగా?" అన్నాడు. "వేసవి నుంచి" అన్నాను. "నేను జూన్ నుంచి వంటింట్లో సీసాల మూతలు కాస్త వదులు చేసి పెడుతున్నానే, ఎందుకనుకున్నావు? పద, బండెక్కు" అని పట్నం డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు.

డాక్టరు కుర్రవాడే గానీ విడమరచి చెప్పాడు. బొటనవేలి మొదట్లో, మణికట్టుకు పైన ఉన్న కీలు అరిగిందట. వేలికొసన మనం నొక్కే ఒత్తిడి ఆ కీలు దగ్గరికొచ్చేసరికి పది పన్నెండింతలవుతుందట. "రోజుకు ఎన్ని నొక్కుతారమ్మా?" అన్నాడు. నా దగ్గర లెక్క ఉందిగా. పోయిన ఏడాది ఎనిమిది వేల నాలుగువందల పిరోహీలు. అతను కలం కింద పెట్టేశాడు. వేలికి పూసుకోవడానికి ఒక లేపనం ఇచ్చాడు. వేళ్లకు చిన్న కసరత్తులు చూపించాడు. లావుపాటి పిడి ఉన్న కత్తి వాడమన్నాడు, అరగంట దాటి ఒకే పని చేయొద్దన్నాడు. "పూర్తిగా మానేయమంటారా?" అన్నాను. "మానొద్దు. పద్ధతి మార్చండి" అన్నాడు.

అక్కడినుంచి నేరుగా డార్లీన్ ఇంటికి వెళ్లాను. ఒలెక్సాను బండిలోనే ఉండమన్నాను.

తలుపు తీసింది. ఇంట్లో ఉంది కాబట్టి ఉన్ని చొక్కా లేదు. అక్కా, అప్పుడు చూశాను ఆ చేతులు. రెండు బొటనవేళ్ల మొదళ్లూ పలకల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. వేలి కణుపులు ముడులు కట్టాయి. రెండు చేతులకూ చర్మం రంగు పట్టీలు. వంటింట్లో ప్రతి చెంచాకూ, కత్తికీ మెత్తటి స్పాంజి గొట్టం తొడిగి ఉంది. నా ఒక్క వేలు చూసుకుని లోకంలో నాకే అన్యాయం జరిగిందనుకున్నాను.

"చూశావుగా," అంది. "టీ తాగుతావా? కెటిల్ మాత్రం నువ్వే ఎత్తాలి."

"ఆ ట్రేలు నీవి కావు" అన్నాను.

"తెలుసు. అంచు మెలిపెట్టడం నాకు చేతకాదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పను? కొత్తదాన్ని. నా మాటనీ మీ పుస్తకాన్నీ పక్కపక్కన పెడితే ఏది నమ్ముతారు? వాదిస్తే చేతులు చూపించమంటారు. చూపిస్తే ఎలాగూ ఉల్లిపాయలే గతి. నింద ఊరికే మోశానా, వేళ్ల సంగతైనా దాగింది."

"ఆ పద్నాలుగు డజన్లు..."

"తొమ్మిది రోజులు పట్టింది. చివరి రెండు రోజులూ ఇవాన్ నాకు తినిపించాడు." నవ్వుతూనే చెప్పింది. నేను తల ఎత్తలేకపోయాను.

అంత వేగంగా ఎలా చేస్తావని అడిగాను. ఇప్పుడు కూడా అదే అడగాలనిపించింది చూడు, నా బుద్ధి! పిండి బిళ్ల చేతిలో పట్టదట, బల్ల మీదే మడిచి అరచేతి అంచుతో ఒక్కసారి నొక్కుతుంది. బొటనవేలికి పనే లేదు. వేడినీళ్లు బిగువు వదలడానికి, లేచి నిలబడటం చేతులు ఒకే పనిలో ఎక్కువసేపు ఉండకుండా చూడటానికి. రెజీనాలో ఒక ఆసుపత్రి తరగతిలో నేర్చుకుందట. తెలివిని పట్టుకుని నేను బద్ధకం అన్నాను.

నిన్న హాల్లో క్రిస్మస్ పిరోహీల కూడిక. డార్లీన్ ఉల్లిపాయల బల్ల దగ్గరుంది. నేను లేచి నిలబడి చెప్పేశాను, గుండీలు మార్చింది నేనేనని. ఇరవై ముగ్గురు ఆడవాళ్లూ చేతిలో పని వదిలి నా వైపు తిరిగారు. కాగు మాత్రం ఉడుకుతోంది.

పరాస్కా అవ్వ అంది: "ఇరవై ఆరేళ్లుగా పుస్తకం నీ చేతిలో పెట్టానే, ఒసేయ్! గుండీకి కళ్లు లేవు, నీకు లేవా?"

"నా వేలు అరిగిపోయింది అవ్వా. చెబితే లేపేస్తారని..."

"అరిగితే చెప్పాలి గానీ, ఇంకొకదాని మీద పెడతావా?" అని తన రెండు చేతులూ బల్ల మీద పరిచింది. అల్లం కొమ్ములే. "నేను పదేళ్లుగా పిరోహీ నొక్కలేదు. ఎవరైనా గమనించారా? అందుకేనే నేను అరిచేది. చేతులు పోతే గొంతయినా పనికొస్తుందని."

ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అవ్వ నా దగ్గర్నుంచి లెక్కల పుస్తకం తీసుకుంది. డార్లీన్‌ను మొదటి బల్ల దగ్గరకు పిలిచి, నన్ను ఉల్లిపాయల దగ్గరకు పంపింది. డార్లీన్‌కు పద్నాలుగు డజన్లు బాకీ ఉన్నానని పుస్తకంలో తన వంకర అక్షరాలతో రాసుకుంది.

ఉల్లిపాయల వల్ల ఒక సౌకర్యం ఉంది. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు.

ఒరిస్యా

*

నానైమో
20 డిసెంబరు

ఒరిస్యా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని కొలను దాకా వెళ్లాను. దిగకుండా గట్టు మీదే కూర్చున్నాను.

నిన్ను తిట్టడానికి మాటలు వెతికాను, దొరకలేదు. నువ్వు అందరి ముందూ లేచి నిలబడ్డావు. మూడేళ్లు అబద్ధాలాడిన నేను మోకాలి సంగతి ఒక్క డాక్టరమ్మకు చెప్పాను, తలుపు మూసుకుని.

నీలం గుండీ డార్లీన్ దగ్గరే ఉండాలి. పరాస్కా అవ్వ ఇచ్చిందని కాదు, నేను ఇస్తున్నానని చెప్పు. నా గుండీ పెట్టుకున్నందుకు మోయాల్సిన దానికంటే ఎక్కువే మోసింది ఆవిడ.

బాకీ ఎలా తీరుస్తావు? ఒక్కరోజులో పూర్తిచేసి త్యాగమూర్తిలా వేలు పట్టుకుని కూర్చున్నావంటే మాత్రం ఊరుకోను. రెండేసి డజన్లు, అంతే. మర్నాడు వేలు ఏం చెబుతుందో విను.

స్టెఫా

*

డోలినా
9 జనవరి 1995, సోమవారం

ఈరోజు పనులు: పండగ గిన్నెలు తోమి అలమరలో సర్దాను, మూడు విడతలుగా, మధ్యలో కూర్చుని. రొట్టెలు మూడు (ఆరు కాదు). వేడినీళ్లలో చేతులు నాలుగుసార్లు. వేళ్ల కసరత్తు రెండుసార్లు. పిరోహీలు రెండు డజన్లు, ఆఖరివి.

ప్రియమైన అక్కా,

నీ మాట విన్నాను. పోయిన మంగళవారం మొదలుపెట్టి రోజుకు రెండు డజన్లే చేశాను. రెండోరోజు ఉత్సాహం ఎక్కువై మూడో డజను మొదలుపెట్టబోతే ఒలెక్సా పిండి గిన్నె ఎత్తుకుని దొడ్లోకి వెళ్లిపోయాడు. మైనస్ ముప్పై డిగ్రీల చలిలో, చేతిలో పిండి గిన్నెతో, "ఒప్పుకుంటేనే లోపలికొస్తా" అని కిటికీ అవతలినుంచి అరిచాడు. పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో అంత పంతం ఎప్పుడూ చూడలేదు.

మొదటిరోజు తాడు అంచు వేసి చూశాను. నాలుగు వేసేసరికి వేలు చెప్పాల్సింది చెప్పింది. ఆ నాలుగూ పక్కన పెట్టి, మిగతావన్నీ డార్లీన్ పద్ధతిలో బల్ల మీద మడిచి అరచేతి అంచుతో నొక్కాను. చూడటానికి చప్పగా ఉన్నాయి. ఎవరి చేతివైనా కావచ్చు. అమ్మ చేతివి మాత్రం కావు. ఆ నాలుగు పిరోహీలు ఉడికించి నేనూ ఒలెక్సా రెండేసి తిన్నాం, మీగడ కూడా వేసుకోకుండా. అంచు చివరిదాకా విడిపోలేదు.

అంటే అక్కా, ఇక తాడు అంచు వేయగలిగింది లోకంలో నువ్వొక్కదానివే. ఈ మాట రాస్తుంటే నీ మీద నాకు మంటగా ఉంది. దాచను. దాచితే ఏమవుతుందో చూశాను. ఎండాకాలం వచ్చి మొదటి బల్ల దగ్గర ఒక ట్రే నింపి వెళ్లు. నేను ఎదురుగా కూర్చుని ఓర్వలేకుండా చూస్తాను.

సాయంత్రం చివరి ట్రే తీసుకుని డార్లీన్ ఇంటికి వెళ్లాను. మొత్తం కాగులో వేసి ఇద్దరం పక్కపక్కనే నిలబడి చూశాం. నీళ్లు తేటగానే ఉన్నాయి.

"నావాటికంటే గట్టిగా ఉన్నాయే," అంది డార్లీన్.

"నీకు కుళ్లుగా ఉందా?" అన్నాను.

"కాస్త."

నీలం గుండీ చేతిలో పెట్టి, నువ్వు ఇమ్మన్నావని చెప్పాను. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, దానిమీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయింది. ఇప్పుడు హాల్లో కూడా పొట్టిచేతుల చొక్కాయే వేసుకుంటోంది.

నేను ఇంకా ఉల్లిపాయల దగ్గరే. కానీ నిన్న పరాస్కా అవ్వ లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. "నా రాత నాకే అర్థం కావట్లేదు. ఆ ఒక్క పద్దు మాత్రం నువ్వే రాసి తీసుకురా" అంది. ఈ ఉత్తరం మధ్యలో ఆపి రాశాను. నీకు కూడా ఇక్కడ దింపుతున్నాను.

డార్లీన్ హ్నాత్యూక్‌కు ఒరిస్యా బాకీ: పిరోహీలు పద్నాలుగు డజన్లు. ఏడు రోజుల్లో, రోజుకు రెండు డజన్లు. విడిపోయినవి లేవు. చెల్లు.